మిరపకాయల గదిలో బుద్ధుడు

రంగూన్ నుంచి ఓడల నిండా మనుషులు తిరిగి వస్తున్న రోజులవి. నాకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. పుట్టిల్లు గూడూరు దగ్గర. మెట్టినింటివాళ్ళు మద్రాసు జార్జిటౌనులో తరతరాలుగా మిరపకాయలు, ధనియాలు టోకున అమ్మేవాళ్ళు. వీధివైపు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య సరుకు నిలవచేసే గది. ఎవరు లోపలికి రావాలన్నా ఆ గదిలోంచే రావాలి, తుమ్ముకుంటూ రావాలి. కొత్తకోడలిగా నేను గడప దాటినప్పుడు తుమ్మిన తుమ్ములకు, శకునం చూస్తూ కూర్చుంటే ముహూర్తం దాటిపోతుందని పురోహితుడు చెవులు మూసుకున్నాడట.

అత్తమామలు అప్పటికే పోయారు. ఇంటికి పెద్ద మా ఆయన అన్న, నాకు బావగారు. ఆయనకు పెద్ద ఆయన భార్య. వరసకు నాకు తోడికోడలే గాని వయసుకు నా తల్లి ఈడుది. కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేసి పంపేసి, బొడ్లో తాళాల గుత్తితో ఇల్లూ కొట్టూ రెండూ ఏలుతుండేది. నేను అక్కా అని పిలిచేదాన్ని. నేను ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యానని ఆమెకు ఒకపక్క గర్వం, ఒకపక్క అనుమానం. ఇంట్లో తెలియని సంగతి ఏది వచ్చినా "సదువుకున్నదాన్ని అడగండి" అనేది. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, తను ముందే అనుకున్నది చేసేది.

ఆ ఓడల్లో ఒకదాంట్లో మా ఆయన మేనమామ వచ్చాడు. కుర్రతనంలో బర్మా వెళ్ళి, అక్కడే కొట్టు పెట్టుకొని, జుట్టు నెరిసేదాకా ఉండిపోయిన మనిషి. బర్మా సర్కారు లాక్కుంటే కొట్టు పోయింది, ఇల్లు పోయింది, భార్యను వెంటబెట్టుకొని పుట్టిన ఊరికి వచ్చేశాడు. బావగారు హార్బరుకు వెళ్ళి వాళ్ళను జట్కాలో తీసుకొచ్చారు. అక్కా నేనూ హారతి పళ్ళెంతో వాకిట్లో నిలబడ్డాం. జట్కాలో ఒక ట్రంకుపెట్టె, దాని పక్కన రంగూన్ అత్త, ఎదురుగా రంగూన్ మామ. ఆయన ఒళ్ళో కంబళిలో చుట్టిన మూట. ఆ మూటను ఆయన రెండు చేతులా పొదివి పట్టుకున్న తీరు, జట్కా కుదిపినప్పుడల్లా తల దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టిన తీరు చూసి అక్క నా చెవిలో గొణిగింది.

"ఈ వయసులో బిడ్డా? పావం, ఓడలో ఏం తాగిందో. పాలు గోరువెచ్చగా చేసుకోని రా."

నేను పరుగున వెళ్ళి పాలు కాచి, ఉగ్గుగిన్నె వెతికి కడిగి తెచ్చేసరికి ఇంటి నడుమ కూడంలో కంబళి విప్పుతున్నారు. లోపల తెల్లని చలవరాతి బుద్ధుడు. జానెడున్నర ఎత్తు. పెదాలకు ఎర్రరంగు, పైవస్త్రం అంచుకు బంగారు పూత, ఒక చెయ్యి ఒళ్ళో, ఒక చెయ్యి నేలకు తాకుతూ. కళ్ళు సగం మూసుకొని నవ్వుతున్నాడు. నేను ఉగ్గుగిన్నెతో ఆయన ఎదుట నిలబడిపోయాను. రంగూన్ మామ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ ఇంట్లో తన దేవుడికి వచ్చీరాగానే నైవేద్యం సిద్ధం చేశారనుకున్నాడు. గిన్నె అందుకొని, బుద్ధుడి ముందు పెట్టి, దణ్ణం పెట్టి, ఆ పాలు తనే ప్రసాదంగా తాగేశాడు. అసలు సంగతి చెప్పే ధైర్యం మా ఎవరికీ లేకపోయింది.

ఆ విగ్రహం రంగూన్‌లో పక్కింటి బర్మా ఆయన చాలా ఏళ్ళ కిందట ఊరు వదిలి వెళ్ళేటప్పుడు చేతికిచ్చాడట. వీళ్ళు ఓడెక్కేటప్పుడు రేవులో అధికారి సామాన్లు వెతకడానికి వచ్చి, కంబళి విప్పగానే టోపీ తీసి మోకాళ్ళ మీద కూర్చొని మొక్కి, ట్రంకుపెట్టె తెరవకుండానే పంపేశాడట. ఆ మాట చెప్పి రంగూన్ మామ చాలాసేపు నవ్వాడు. పెట్టెలో పాతపంచెలు తప్ప ఏమీ లేవు. తెలిసుంటే పెట్టెలో ఏమైనా పెట్టుకొని ఉందుమే అని రంగూన్ అత్త ఒక్కతే నవ్వలేదు.

కొన్నాళ్ళు వాళ్ళు మా మిద్దె మీద ఉన్నారు. తరవాత వ్యాసర్పాడిలో, బర్మా నుంచి వచ్చినవాళ్ళకు వేసిన గుడిసెల్లో ఒకటి దొరికింది. తాటాకు కప్పు. వాన పడితే లోపలా బయటా ఒకటే. వెళ్ళేరోజు రంగూన్ మామ బావగారి చేతులు పట్టుకొని, తను తడిస్తే తుడుచుకోగలను గాని దేవుణ్ణి తడపలేనని, పెంకుటిల్లు దొరికేదాకా బుద్ధుణ్ణి ఇక్కడే ఉంచమని అడిగాడు. బావగారు సరేనన్నారు. ఆ రోజుల్లో బావగారు ఏ మాటకైనా సరేనని కొట్లోకి వెళ్ళిపోయేవారు. తరవాతి కష్టం అక్కది.

బుద్ధుణ్ణి ఎక్కడ పెట్టాలి అన్నది ప్రశ్న. దేవుడి గదిలో వేంకటేశ్వరుడు, వాసవమ్మ, గోడల నిండా పటాలు. చోటు చెయ్యాలంటే ఎవరో ఒకరు జరగాలి. జరిపేముందు వచ్చినాయన ఎవరో, ఏపాటివాడో తెలియాలి కదా. అక్క నన్ను పిలిచింది.

బుద్ధుడి గురించి నాకు తెలిసిందల్లా స్కూలు వాచకంలో పాఠం. పరీక్షకు చదివినట్టే అప్పజెప్పాను. రాజుగారి కొడుకు, కష్టమంటే తెలియకుండా పెంచారు, ముసలివాణ్ణి చూశాడు, రోగిని చూశాడు, శవాన్ని చూశాడు. అక్కడిదాకా అక్క జాలిగా తలాడిస్తూ విన్నది. ఒక రాత్రి నిద్రపోతున్న భార్యనూ, అప్పుడే పుట్టిన కొడుకునూ చూసి, లేపకుండా గుర్రమెక్కి వెళ్ళిపోయాడు అనేసరికి తల ఆగిపోయింది.

"బాలింతనా?"

"అవునక్కా."

"చెప్పకుండానా?"

"చెప్తే పోనివ్వరని."

"పోనియ్యరు. ఎందుకు పోనిస్తారు?" అని అక్క లేచి తాళాల గుత్తి సర్దుకుంది. "పురిట్లో పెండ్లాన్ని వదిలేసి పొయ్యినోడికి నా దేవుడి గదిలో చోటు లేదు. మామ మొహం చూసి ఇంట్లో పెడతాండా. ఆడ పెట్టు, సామాన్ల గదిలో."

ప్రపంచానికి ఆయన చేసిన మేలు గురించి వాచకంలో ఇంకా చాలా ఉంది. చెప్పబోయాను. వినలేదు. అలా బుద్ధుడు మా మిరపకాయల గదిలో, ఊరగాయ జాడీల పక్కన చెక్క అరమీదకు చేరాడు.

అది అక్క అనుకున్నంత మారుమూల కాదు. ఇంట్లోంచి కొట్లోకి, కొట్లోంచి ఇంట్లోకి ఎవరు నడిచినా ఆయన ముందునుంచే నడవాలి. అందరూ తుమ్మేవాళ్ళు, ఆయన ఒక్కడే తుమ్మేవాడు కాదు. అక్కకు బావగారి మీద ఎప్పుడు కోపం వచ్చినా, అన్నం వేళకు ఇంట్లోకి రాకుండా బేరగాళ్ళతో కూర్చున్నా, చెప్పకుండా చుట్టాలను భోజనానికి పిలిచినా, కొట్లో నలుగురి ముందు అనలేని మాటలు సామాన్ల గదిలో బుద్ధుడి ముందు నిలబడి అనేది. మగవాళ్ళందరికీ కలిపి ఆయన మాట పడేవాడు. ఒకరోజు నేను జాడీలోంచి ఊరగాయ తీస్తుంటే అక్క అలా ఒక విడత అయ్యాక ఆయాసంతో నావైపు తిరిగింది.

"చూడు మే, నవ్వతానే ఉండాడు. ఎన్ని తిట్టినా మొహం మార్చడు. ఈ కొంపలో ఒక్క మొగోడన్నా ఇట్ట ఉండాడా?"

ఆ రోజు మొదటిసారి నేను కూడా ఆ మొహంలోకి సరిగ్గా చూశాను. పాఠం వచ్చు గాని, బొమ్మను చూడడం నాకు రాదు. అక్క చూసేది. బట్టలకొట్లో అంచు పట్టి చూసినట్టు, పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు చూసేది. చెవి తమ్మెలు భుజాలదాకా జారి ఉన్నాయేమిటని నేను అంటే, అది కూడా తెలియదా అన్నట్టు తన చెవులు చూపించింది. చిన్నప్పటినుంచీ బరువైన కమ్మలు వేసి వేసి అవీ అలాగే జారి ఉన్నాయి.

"కలిగినింటి బిడ్డ. బరువు కమ్మలు పెట్టినోడు. అన్నీ తీసేసినాడు గాని, చెవులు యాడికి పోతాయి?"

చాలా ఏళ్ళ తరవాత ఒక పుస్తకంలో ఇదే మాట ఇంకా పెద్ద మాటల్లో చదివి, పుస్తకం మూసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇంతలో ఒక చిక్కు వచ్చింది. మూటలు మోసేవాళ్ళు బుద్ధుణ్ణి కనిపెట్టారు. బరువెత్తే ముందు ఆయన మోకాలు తాకి కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళ చేతులకున్న మిరపదుమ్ముతో తెల్లటి మోకాలు కొద్దిరోజుల్లో ఎర్రబడింది. కళ్ళకద్దుకున్న వాళ్ళు ఎలాగూ ఏడ్చేవాళ్ళు. చూసేవాళ్ళకు అది భక్తిలా ఉండేది. అక్క ఆ మోకాలు చూసి ఆగిపోయింది. రాయి కదక్కా, మండదు అన్నాను. నావంక ఒక చూపు చూసి, నూనె గిన్నె తెమ్మంది. మిరపమంటకు నీళ్ళు పనికిరావట, నూనె రాయాలట. మోకాలికి రాసింది. మోకాలు ఒక్కటే మెరుస్తుంటే బాగాలేదని చేతులకు రాసింది. తరవాత మొహానికి. మర్నాడు శనివారమని తలకు కూడా పెట్టింది. తిట్లు మాత్రం ఆగలేదు. నూనె రాస్తూనే తిట్టేది, పిల్లలకు తలంటేటప్పుడు తిట్టినట్టు.

ఇంట్లో వ్రతానికి వచ్చిన పురోహితుడు సామాన్ల గదిలో మిలమిల మెరుస్తున్న బుద్ధుణ్ణి చూసి, ఇదేమిటమ్మా, విష్ణుమూర్తి తొమ్మిదో అవతారాన్ని మిరపకాయల్లో పెట్టారు అన్నాడు. అక్క వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. తను చిన్నప్పటినుంచి చదువుకునే దశావతారాల శ్లోకంలో రాముడున్నాడు, బలరాముడున్నాడు, కృష్ణుడున్నాడు, ఈయన లేడు. పురోహితుడు కొందరు బలరాముణ్ణి చెబుతారు, కొందరు బుద్ధుణ్ణి చెబుతారు, ఇద్దరినీ కలుపుకున్నా దోషం లేదన్నాడు. అప్పుడు అవి దశావతారాలు కావు, ఏకాదశావతారాలు అవుతాయి, మీరు మంత్రం మార్చి చదువుతారా అని అడిగింది అక్క. ఆయన తాంబూలం తీసుకొని వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆదివారం రంగూన్ మామ వచ్చేవాడు. బుద్ధుడి ముందు పీట వేసుకొని చాలాసేపు కళ్ళు మూసుకొని కూర్చొని, తుమ్మి, భోంచేసి వెళ్ళేవాడు. బర్మాలో మాండలే గుళ్ళో బుద్ధుడికి రోజూ తెల్లవారుజామున మొహం కడుగుతారని, అంతకంటే బాగా మీ ఇంట్లో చూసుకుంటున్నారని అక్కను మెచ్చుకున్నాడు. అక్క ఆ పొగడ్త పట్టించుకోకుండా సూటిగా అడిగింది. అక్కడ అన్ని గుళ్ళున్నాయి కదా, ఆయన వదిలేసి వచ్చిన ఆ భార్యకు ఒక్క బొమ్మన్నా ఉందా? మామ గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. రాలేదు. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి రాళ్ళున్నాయని, కృష్ణానది ఒడ్డున మన తెలుగువాళ్ళే చెక్కారని, ఆయన కథంతా వాటిమీద ఉందంటారని, ఉంటే ఆమె అక్కడుంటుందని అన్నాడు.

మ్యూజియం అంటే అక్కకు అర్థం కాలేదు. నేను సెత్త కాలేజీ అని చెప్పాక అర్థమైంది. మా వీధుల్లో సెంట్రల్ స్టేషన్ పక్కనున్న జంతువుల తోటను ఉయిర్ కాలేజీ అనేవాళ్ళు, అంటే ప్రాణమున్న కాలేజీ. ఎగ్మూరు మ్యూజియాన్ని సెత్త కాలేజీ, చచ్చిన కాలేజీ. వెళ్ళొచ్చాక తలస్నానం చెయ్యాలా అన్నది అక్క సందేహం. మామ అక్కర్లేదన్నాడు. అయినా మంచిదని, వచ్చేసరికి నీళ్ళు కాచి ఉంచమని పనిమనిషికి చెప్పి, పులిహోర క్యారియరు కట్టించి, అక్క బయల్దేరింది. నేనూ, రంగూన్ మామా వెంట.

లోపలికి పోగానే తిమింగలం ఎముకలు. అక్క దాని ఈ కొసనుంచి ఆ కొసదాకా నడిచి, మత్స్యావతారం చూశాం, ఇక తొమ్మిదో ఆయన దగ్గరికి పోదాం అంది. రాళ్ళ గది గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ చెప్పులు విడిచింది. లోపలున్న గార్డు, ఖాకీ బట్టల్లో పెద్దాయన, చెప్పులు వేసుకొనే రావచ్చని తమిళంలో చెప్పాడు. అక్క వినిపించుకోలేదు. అక్క విడిచిందని మేమూ విడిచాం. మా వెనక వచ్చిన ఒక స్కూలు పిల్లల గుంపు, అదే పద్ధతి అనుకొని, అందరూ విడిచేశారు. గార్డు ఆ చెప్పుల కుప్పవైపు చూసి స్టూలు మీద కూర్చున్నాడు.

తెల్లగా, కొంచెం పసరువన్నె తిరిగిన రాళ్ళు. ఒక్కో పలకమీద సంతకు వచ్చినంతమంది జనం. మొదట నాకేమీ అర్థం కాలేదు. గజిబిజిగా చేతులూ కాళ్ళూ కనిపించాయి. అక్క బుద్ధుడి కోసం వెతికింది. చాలా పలకల్లో ఆయన లేడు. మధ్యలో సింహాసనం, దానిమీద దిండు, కింద రెండు పాదాల గుర్తులు, పైన గొడుగు. చుట్టూ జనం దణ్ణం పెడుతున్నారు. ఆసనం మాత్రం ఖాళీ. ఒకచోట గుర్రం పోతోంది, గొడుగు పట్టేవాడు పక్కన పట్టుకొని నడుస్తున్నాడు, గుర్రంమీద ఎవరూ లేరు.

"ఈడ్నించి గూడా పొయినాడా?" అంది అక్క.

రంగూన్ మామ, పాతరోజుల్లో ఆయన రూపం చెక్కేవాళ్ళు కాదని, ఆసనం చెక్కి ఊరుకునేవాళ్ళని, ఆయన ఉన్నాడని చూసేవాళ్ళే తెలుసుకోవాలని చెప్పాడు. అక్క ఆ ఖాళీ సింహాసనం ముందు చాలాసేపు నిలబడింది. తరవాత, వీళ్ళ మొహాలు చూస్తే ఆయన ఉన్నట్టే ఉంది, లేనోడికి ఎవరూ ఇట్ట మొక్కరు, అని తనలో తను అనుకుంది. అప్పుడు నేను ఆసనం వదిలి ఆ మొహాలు చూశాను. నిజమే. అందరి కళ్ళూ ఒకేచోట ఆగి ఉన్నాయి. ఒక్కసారి అది కనిపించాక ఆ గజిబిజి అంతా విడిపోయి, ఎవరి చెయ్యి ఎవరిదో తెలియడం మొదలైంది.

తరవాతది ఏనుగు. గుండ్రటి పలక. ఒకవైపు మదమెక్కిన ఏనుగు వీధిలోపడి మనుషుల్ని తొక్కుతోంది, తొండంతో ఒకణ్ణి విసురుతోంది. ఇంకోవైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంది. ఇందులో మాత్రం ఆయన మనిషిగానే ఉన్నాడు. అక్క ఆయన్ను వదిలేసి వీధిని పట్టుకుంది. మిద్దెల కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు. కింద ఒకామె భయంతో పక్కవాణ్ణి కరుచుకుపోతోంది. అక్క గొంతు పెరిగింది. ఎవరు ఏ ఇంట్లోంచి వచ్చారో, ఎవరికి ఎవరు ఏమవుతారో, తమిళం కలిసిన తెలుగులో చెప్పుకుపోతోంది. స్కూలు పిల్లలు చుట్టూ చేరారు. వాళ్ళ టీచరు కూడా నోటుబుక్కు మూసి వింటోంది.

ఇద్దరు తెల్లవాళ్ళు, మొగుడూ పెళ్ళాలు, వచ్చి వెనక నిలబడ్డారు. అక్కను మ్యూజియం వాళ్ళు పెట్టిన మనిషి అనుకున్నారు. ఏమంటోందని దొరసాని నన్నడిగింది. నా ఇంగ్లీషు ఎస్.ఎస్.ఎల్.సి. ఇంగ్లీషు. ఏనుగు పిచ్చిది, ఈమె భయపడుతోంది, అని చెప్పాను. ఇంతసేపు మాట్లాడింది అంతేనా అన్నట్టు దొరసాని చూసింది. అక్క అప్పుడంటున్న మాట, ఆ కిటికీలో ఆమె భయపడలేదు, వీధిలో ఏమైనా జరిగితే మొదట చూడాలని వచ్చింది, మా ఎదురింటామె అచ్చం ఇట్లానే నిలబడుతుంది అని. దాన్ని నేను, ఈమె మా ఎదురింటివాళ్ళ మనిషి, అని ఇంగ్లీషులో చెప్పాను. దొరసాని ఆ మాట పుస్తకంలో రాసుకుంది. అమరావతి శిల్పం మీద వాళ్ళ దేశంలో ఏమి అచ్చయిందో నాకు తెలియదు.

ఇంకొంచెం ముందుకు వెళితే అంతఃపురం ఉన్న పలక. రాత్రి. ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ పడి నిద్రపోతున్నారు. ఒకామె మద్దెల మీద తల పెట్టుకుంది, ఒకామె వీణ మీద వాలిపోయింది. పెళ్ళింట్లో అప్పగింతలయ్యాక ఇలాగే పడతామని అక్క నవ్వింది. ఇదే ఆ రాత్రి, ఆయన వెళ్ళిపోయిన రాత్రి అని మామ మెల్లగా చెప్పాడు. అక్క నవ్వు ఆపింది. రాయికి దగ్గరగా పోయి ఒక్కో మొహమే చూసుకుంటూ వచ్చింది. చివరికి ఒక మూల ఒకామె దగ్గర ఆగింది.

"ఇదిదా ఆమె."

ఇదే ఆమె అని ఎట్లా తెలుసని అడిగాను. నాకు అందరూ ఒకేలా ఉన్నారు.

"అందరూ నిద్రపోతా ఉండారు. ఈమె ఒక్కతిదా కండ్లు మూసుకోని ఉండాది."

నేను చూశాను. మామ చూశాడు. అక్క చెప్పినందువల్లో ఏమో, ఆమె మెడ దగ్గర బిగువు మాకూ కనిపించింది. పండితులు ఆమె ఎవరంటారో తరవాత నేను కనుక్కోలేదు, కనుక్కోవాలనీ అనిపించలేదు.

అక్క బొడ్లోంచి కుంకుమ పొట్లం తీసింది. గార్డు స్టూలు మీంచి లేచాడు. "అమ్మా, తొడాదీంగ. ఇదు కోయిల్ ఇల్లె," అన్నాడు. ముట్టుకోవద్దు, ఇది గుడి కాదు. అక్క తను గుడి అనడం లేదని, ఒక ఆడకూతురికి బొట్టు పెడుతున్నానని చెప్పింది. ఆయన మర్యాదగానే అడ్డం నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు, కదలలేదు. కుంకుమ వేలిమీద ఉండిపోయింది. తీసిన కుంకుమ పొట్లంలో తిరిగి పెట్టకూడదు. అక్క అటూ ఇటూ చూసి నా నుదుట పెట్టింది. పక్కనున్న దొరసాని, ఇక్కడ ఇది ఆఖరి ఘట్టమనుకుందో ఏమో, తల వంచింది. ఆమెకూ పెట్టింది. అంతే, స్కూలు పిల్లలు వరసకట్టారు. పొట్లం ఖాళీ అయ్యేదాకా అక్క పెడుతూనే ఉంది. గార్డు గుమ్మం దగ్గరకు పోయి చెప్పులు ఎవరివి వాళ్ళకు తెలిసేలా జతలు సర్దడం మొదలుపెట్టాడు.

ఆ రోజునుంచి నాకు ఆ గది పిచ్చి పట్టుకుంది. మా ఆయన ఏదో ఒక ఆదివారం సినిమాకు పోదామంటే నేను ఎగ్మూరు అనేదాన్ని. ఆయన వచ్చేవారు, పాపం. బెంచీమీద కూర్చొని, ఆ చల్లదనానికి కునుకు తీసేవారు. నేను కడుపుతో ఉన్నప్పుడు కూడా వెళ్ళేదాన్ని. కడుపుతో ఉన్నపిల్లను సెత్త కాలేజీకి పంపుతారా అని ఎదురింటామె కిటికీలోంచి అడిగింది. ఆడ చచ్చినోళ్ళు ఎవరూ లేరు, నిన్నుగూడా చూసినాం, బాగుండావు, అంది అక్క. ఎదురింటామె ఆ మాట అర్థంకాక చాలారోజులు బాధపడింది.

మాకు పాప పుట్టింది. దోగాడే వయసు వచ్చేసరికి వ్యాసర్పాడిలో రంగూన్ మామకు పెంకుటిల్లు అమిరింది. ఆయన కొత్త కంబళి తీసుకొని బుద్ధుడి కోసం వచ్చాడు. ఆషాఢంలో కదపకూడదని అక్క చెప్పింది. ఆషాఢం అయ్యాక వస్తే ఆ రోజు అష్టమి అంది. మరోసారి, వానల్లో కొత్త గోడలు చెమ్మగా ఉంటాయంది. ఇంకోసారి ఏ కారణం దొరక్క, ఆయనకే ఇష్టం లేనట్టుంది అంది. మామకు అక్కను నొప్పించడం ఇష్టం లేదు, అడగడం మానడమూ ఇష్టం లేదు. ప్రతి ఆదివారం కంబళి తెచ్చేవాడు, తిరిగి తీసుకుపోయేవాడు.

ఒక ఆదివారం రంగూన్ అత్త కూడా వచ్చింది. ఆమె మాట్లాడగా నేను విన్నది చాలా తక్కువ. మగవాళ్ళు భోంచేసి కూడంలో పడుకున్నాక, వంటింట్లో అక్క పక్కన కూర్చొని మెల్లగా మొదలుపెట్టింది.

"బుద్ధుణ్ణి ఈడే పెట్టుకోండి మే. రంగూన్‌లో మా ఆయన పొద్దున లేచి కూచుంటే కొట్టు తెరిచేదాకా ఆయన ముందరే. సాయంత్రం వచ్చి మళ్ళీ ఆయన ముందరే. ఈడికి వచ్చినాకనే మా ఆయన నాతో మాట్లాడతా ఉండాడు. ఆదివారం ఒక్కరోజు పోతే పోనీ."

 అక్క చెయ్యి కడుక్కొని లేచి, చీర మార్చుకోమని నాకు చెప్పింది. రంగూన్ అత్తకు చూపించాల్సినది ఒకటి ఉందట. పాప అప్పుడే పాలబువ్వ తిని మా ఆయన పక్కన నిద్రపోయింది. బావగారు గురక పెడుతున్నారు. రంగూన్ మామ ఒక చెయ్యి కంబళి మీద వేసుకొని పడుకున్నాడు. మేము ముగ్గురం సామాన్ల గదిలోంచి, తుమ్ము ఆపుకుంటూ, వీధిలోకి వచ్చి బస్సెక్కాం.

రంగూన్ అత్త ఎగ్మూరులో ఆ అంతఃపురం పలక ముందు నిలబడింది. అక్క చూపించిన మూలను చూసి, తలవంచుకొని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తరవాత ఏనుగు దగ్గర నవ్వింది. తిమింగలం దగ్గర ఇంకా నవ్వింది. బయటికి వచ్చాక, బీచ్ ఎంతదూరం, ఈ ఊరికి వచ్చిన్నాటినుంచి సముద్రం మళ్ళీ చూడలేదు అంది. అక్కడికి పోయాం. వేడి సెనక్కాయలు తిన్నాం. ముగ్గురం కాళ్ళు తడుపుకున్నాం.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు. ముగ్గురు మగవాళ్ళూ కూడంలో ఉన్నారు. పాప ఏడుపు ఆపడానికి రంగూన్ మామ దాన్ని బుద్ధుడి దగ్గరకు ఎత్తుకుపోయాడట. అది తుమ్మి ఇంకా ఏడ్చిందట. మా ఆయన దాన్ని భుజాన వేసుకొని తిరుగుతున్నారు, చొక్కా అంతా తడిసి ఉంది. బావగారు అటుకుల డబ్బా దొరికింది గాని బెల్లం ఎక్కడుందో దొరకలేదన్నారు. అంతసేపు ఎక్కడికి పోయారు, చెప్పి పోకూడదా అని అడిగారు.

"నిద్రపోతా ఉండారు గదా. లేపేది ఎందుకని," అంది అక్క.

బావగారు బెల్లం ఎక్కడుందని మళ్ళీ అడిగారు. రంగూన్ మామ మాత్రం కంబళి మడిచి రంగూన్ అత్త చేతికిచ్చి, పాపకు కప్పమన్నాడు. ఆ కంబళి ఆ తరవాత పాపదే అయింది. ఆయన మళ్ళీ బుద్ధుణ్ణి అడగలేదు. అక్క ఉప్మాకు ఎసరు పెట్టింది. రంగూన్ అత్త ఉల్లిపాయలు తరుగుతూ, వచ్చే ఆదివారం తను ఒక్కతే బస్సెక్కి ముందే వచ్చేస్తానని, ఏ నంబరు బస్సో కాగితం మీద రాసివ్వమని నన్నడిగింది.